పితృత్వ నిర్ణయమున డి. ఎన్. ఏ. సాక్ష్యము : దగ్గరి బంధువుల విషయమై ఒక విమర్శ

పితృత్వ పరీక్షల నివేదికలలో సాధారణముగా చివర ఒక వాక్యము కనిపించును. ఈ వ్యక్తి ఈ బిడ్డకు తండ్రి యగుటకు సంభావ్యత 99.99 శాతమునకు మించి యున్నదని దాని సారము. న్యాయవాదులు ముందుగా ఆ వాక్యమునే వెదకుదురు. పత్రికలు ఆ వాక్యమునే అచ్చు వేయును. కుటుంబములు ఆ వాక్యము మీదనే కలియును, లేదా విడిపోవును. ఆ అంకె అబద్ధము కాదు. కాని అది ఏ ప్రశ్నకు సమాధానమో ఆ వాక్యములో తరచుగా ఉండదు. “తండ్రి ఈ మనుష్యుడా, లేక ఇతనితో ఏ చుట్టరికమును లేని మరియొకడా?” అనునది ఆ ప్రశ్న. వివాదము అన్నదమ్ముల నడుమ వచ్చినప్పుడు న్యాయస్థానము అడుగునది ఒక ప్రశ్న. నివేదిక సమాధానము చెప్పునది వేరొక ప్రశ్నకు.

ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి సరస్సు ఈ మూడింటి నడుమనున్న గణపవరము వంటి చోట్ల ఈ భేదము పండితుల ముచ్చటకు మాత్రమే పనికివచ్చునది కాదు. వరిచేలు, చేపల చెరువులు, వాటిలో తరతరములుగా పంచుకొనుచు వచ్చిన భాగములు. ఒకే ఆవరణలో అన్నదమ్ముల కాపురములు. మేనమామ కూతురిని, మేనత్త కూతురిని, అక్క కూతురిని చేసికొను ఆచారము, ఇవన్నియు డెల్టా గ్రామములకు తెలిసిన సంగతులే. అచ్చట రెండు ఇండ్ల నడుమ మూడు నాలుగు వరుసలు చెప్పగల పెద్దలు నేటికిని ఉన్నారు. జె. బి. ఎస్. హాల్డేన్ శిష్యుడును, పిఠాపురము వాడును అగు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ అను సహచరునితో కలిసి, 1960 ప్రాంతమున ఆంధ్రదేశపు దగ్గరి వివాహములను లెక్కించి ప్రకటించెను. ఆ ఆచారము అప్పటికంటె సన్నగిల్లినదే గాని పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సైతము ఆంధ్రప్రదేశములోని వివాహములలో సుమారు నాలుగవ వంతు బంధువుల నడుమ జరిగినవే. ఇట్టి చోట్ల పితృత్వ వివాదములు ఎక్కువగా వచ్చునని చెప్పుట కాదు. వచ్చినప్పుడు మాత్రము, తండ్రి యనబడిన వానికి బదులుగా తలపునకు వచ్చు రెండవ మనుష్యుడు దారిన పోవువాడు కాక, అదే ఇంటివాడో, ఆ పక్కింటి చుట్టమో అగుటకు ఎక్కువ అవకాశము కలదు.

పరీక్ష పద్ధతి కష్టమైనది కాదు. మనుష్యుని క్రోమోసోములు 23 జతలు. ప్రతి జతలోను ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. వాటిపై కొన్ని నియత స్థానములలో నాలుగక్షరముల చిన్న తునక ఒకటి మాలలోని పూసవలె మరల మరల వచ్చుచుండును. ఆ పూసలు ఒకనికి 8, మరియొకనికి 13. బిడ్డకు ఒక స్థానమున 8, 13 అను అంకెలు ఉండి, తల్లికి 8, 10 ఉన్నచో, 13 తండ్రి నుండియే రావలెను. తండ్రి యనబడిన వానిలో 13 లేకున్న అది పొసగని స్థానము. ఉన్నచో పొసగినది, కాని 13 గలవారు ఊరిలో ఎందరో ఉందురు గనుక ఒక్క స్థానముతో ఏమియు తేలదు. అందుచేత 15 స్థానములను చూచు పద్ధతి చాలకాలము వాడుకలో నుండెను. నేడు 20కి మించి చూచు సాధనములు కలవు. పొసగిన ప్రతి స్థానమునకును ఒక తూకము కట్టుదురు. పరాయి వానికంటె ఇతడు ఆ అంకెను ఇచ్చియుండుటకు ఎన్ని రెట్లు ఎక్కువ అవకాశమున్నదో ఆ తూకము చెప్పును. దానినే పితృత్వ సూచిక యందురు. అన్ని స్థానముల సూచికలను గుణించి, వచ్చిన లబ్ధమును శాతముగా మార్చి నివేదికలో వ్రాయుదురు.

ఈ లెక్కలోని “పరాయివాడు” అను మాటయే ఇచ్చట విమర్శకు గురియగుచున్నది. చిత్రమేమనగా, ఈ శాస్త్రము పుట్టిన నాటి మొదటి కేసులోనే ఆ మాట చాలదని తెలిసినది. ఇంగ్లండులోని లీస్టర్ విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్ 1984లో డి. ఎన్. ఏ. వేలిముద్రల పద్ధతిని కనిపెట్టెను. మరుసటి సంవత్సరమే ఘానా దేశపు కుటుంబమునకు చెందిన ఒక బాలుని వ్యవహారము ఆయన యొద్దకు వచ్చెను. ఇంగ్లండులోనున్న తల్లి యొద్దకు తిరిగి వచ్చిన ఆ బాలుడు నిజముగా ఆమె కొడుకేనా, లేక ఘానాలోని ఆమె సోదరి కొడుకా అని వలస అధికారుల సందేహము. పాత పద్ధతిలో చేసిన రక్త పరీక్షలు వారిద్దరును బంధువులని చెప్పగలిగినవి గాని, ఆమె తల్లియా, పినతల్లియా అన్నది చెప్పలేకపోయినవి. తండ్రి నమూనా దొరకలేదు. అప్పుడు జెఫ్రీస్ బృందము ఆమె యొక్క మిగిలిన ముగ్గురు పిల్లల నమూనాలు తీసికొని, తండ్రి గుర్తులను వారి నుండి ఊహించి, పరాయి స్త్రీ యగుటకు ఒక లెక్క, సోదరి యగుటకు వేరొక లెక్క వేసిరి. రెండవ లెక్క మొదటిదాని కంటె బలహీనముగానే వచ్చినది. అయినను అది కూడ చాలినంత బలముగా నుండుటచేత బాలుడు తల్లి యొద్ద నిలిచెను. వేరు వేరుగా రెండు లెక్కలు కట్టవలెనను ఆ మర్యాద తరువాతి కాలపు నివేదికలలో ఎంత తేలికగా జారిపోయినదో!

సోదరుల విషయమున ఆ రెండవ లెక్క ఎట్లుండునో చూచుటకు గణపవరము ప్రాంతపు ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. అన్న, తమ్ముడు, ఒక బిడ్డ. తండ్రి అన్నయని ఒక పక్షము, తమ్ముడని మరియొక పక్షము. అన్న నమూనా మాత్రమే పరీక్షకు పోయినది. ప్రతి స్థానమునందును అన్న పొసగెననియు, ప్రతిచోటను సూచిక 3 అనియు సులువు కొరకు అనుకొన్నచో, 15 స్థానములకు 3ను పదునైదు మారులు గుణింపగా 1,43,48,907 వచ్చును. పరాయి వానికంటె అన్నకు ఒక కోటి నలుబది మూడు లక్షల రెట్లు మొగ్గు. శాతములో 99.99999. ఇంతవరకు నివేదిక చెప్పినది నిజమే.

ఇప్పుడు పరాయివానికి మారుగా తమ్ముని నిలుపవలెను. అన్నదమ్ములు ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. అన్న నుండి బిడ్డకు వచ్చెనని చెప్పబడు అంకె ఏదైనను, అదియే తమ్మునికి కూడ అదే తల్లి నుండియో, తండ్రి నుండియో సంక్రమించి యుండుటకు సగము పాలు అవకాశము పుట్టుకతోనే యున్నది. దీని ఫలితము గణితమున నిష్ఠురముగా కనిపించును: తమ్మునితో పోల్చునప్పుడు ఏ ఒక్క స్థానపు తూకమును 2ను మించజాలదు. వేయిమందిలో ఒకనికి మాత్రమే ఉండు అరుదైన అంకె దొరికినను అంతే. పరాయి వానిపై 500 రెట్లు పలుకు స్థానము తమ్మునిపై రెండు రెట్లు కూడ పూర్తిగా పలుకదు. సూచిక 3 గల స్థానము ఇచ్చట 1.5 అగును. దానిని పదునైదు మారులు గుణించినచో వచ్చునది 438. కోటి నలుబది మూడు లక్షలు ఎక్కడ, నాలుగువందల ముప్పది యెనిమిది ఎక్కడ!

తమ్ముని స్థానమున పినతండ్రిని ఉంచి లెక్కించినచో అదే నమూనాకు 32,768 వచ్చును. పినతండ్రి కుమారుని ఉంచినచో సుమారు 5 లక్షలు. తండ్రి యనబడిన వాని తండ్రియే అసలు తండ్రి యని ఎవరైన వాదించినచో లెక్క మరల సోదరుని లెక్కకే వచ్చి 438 దగ్గర ఆగును. నమూనా మారలేదు, సాధనము మారలేదు, పొసగిన స్థానములు మారలేదు. మారినది ప్రశ్న మాత్రమే.

శాతములలో చెప్పు అలవాటు ఈ భేదమును ఇంకను కప్పివేయును. 438ను శాతముగా మార్చినచో 99.77 అగును. వినువాని చెవికి 99.99కిని 99.77కిని పెద్ద తేడా తోచదు. రెండును “తొంబదితొమ్మిది” అనియే వినబడును. పైగా ఈ మార్పిడిలో మరియొక ఊహ కూడ దాగియున్నది. పరీక్షకు పూర్వమే ఇరుపక్షములకును చెరిసగము అవకాశమున్నదని ప్రయోగశాల తనంతట తాననుకొని ఈ శాతమును కట్టును. అన్న ఆ కాలమున ఊరిలో లేడని ఇతర సాక్ష్యము వచ్చి, పరీక్షకు ముందు అతని పాలు పదునొకటింట ఒకటిగా తగ్గినదనుకొన్నచో, అదే 438 తూకము 97.8 శాతముగా మారును. ఇట్టి సాక్ష్యమును తూచుట న్యాయమూర్తి పని. ప్రయోగశాల శాతమును గాక తూకమునే ఇచ్చి ఊరకున్నచో ఎవరి పని వారికి దక్కియుండును.

పొసగని స్థానముల సంగతి ఇంకను సున్నితమైనది. పరాయి మగవాడు 15 స్థానములలో ఒక్కచోటనైనను తప్పక యుండుట దాదాపు అసాధ్యము. ఒక్కొక్క స్థానమున అతడు అదృష్టవశమున పొసగుటకు నూటికి 36 పాళ్లు అవకాశమున్నదనుకొన్నను, అన్నిటను పొసగువాడు 45 లక్షల మందిలో ఒకడు. అదే కొలతతో అసలు తండ్రి యొక్క సోదరుడు ఒక్కొక్క స్థానమున పొసగుటకు 68 పాళ్లు. అతడు సగటున అయిదు స్థానములలో తప్పును. కాని వేయిమంది సోదరులలో ముగ్గురు ఎచ్చటను తప్పరు, నూటికి ఇద్దరు ఒకే ఒక్కచోట తప్పుదురు. ఒక్కచోట తప్పినచో తండ్రి కాడని త్రోసివేయవచ్చును గదా యని తోచును. వేయకూడదు. తండ్రి నుండి బిడ్డకు పోవునప్పుడు పూసల లెక్క అప్పుడప్పుడు ఒకటి పెరుగును, లేదా తరుగును. ఈ ఉత్పరివర్తనము ఒక్కొక్క స్థానమున వేయింట ఒకటి రెండు మారులు జరుగునది గనుక, 15 స్థానములు చూచినప్పుడు నిజమైన తండ్రులలోనే నూటికి ఇద్దరు ముగ్గురు ఒకచోట పొసగరు. అనగా నిజమైన తండ్రి ఒక్కచోట తప్పుటయు, తండ్రి కాని సోదరుడు ఒక్కచోట మాత్రమే తప్పుటయు దాదాపు సమానముగా జరుగుచుండును! అట్టి నివేదిక చేతికి వచ్చినప్పుడు దానిని ఉత్పరివర్తనమని కొట్టివేసి “తండ్రియే” అని వ్రాయుట సోదరుని అవకాశమును చూడకయే తీర్పు చెప్పుట యగును.

మేనరికము వలన వచ్చు చిక్కు దీనికి భిన్నమైనది. దానిని గూర్చి వాడుకలోనున్న అపోహను సరిదిద్దవలసియున్నది. భార్యాభర్తలు బంధువులైనంత మాత్రమున పరీక్ష చెడిపోదు. తల్లి, బిడ్డ, తండ్రి యనబడినవాడు ముగ్గురి నమూనాలును ఉన్నచో, తల్లి ఇచ్చిన అంకెను విడదీసి మిగిలినదానినే చూతురు గనుక, భర్త మేనమామ యైనను మేనత్త కొడుకైనను లెక్క చాలవరకు నిలుచును. చిక్కు తల్లి నమూనా లేనప్పుడు. భర్త ఆమెకు మేనమామ యైనచో, అతడు బిడ్డకు తండ్రి కాకపోయినను, తల్లి ద్వారా ఆ బిడ్డతో ఎనిమిదవ వంతు రక్తసంబంధము అతనికి ఉండనే యున్నది. తల్లి నుండి వచ్చిన అంకెయే అతనిలో కనిపించి “పొసగినది” అనిపించుకొనును. తల్లికి తెలియకుండ తండ్రి, బిడ్డల బుగ్గల లోపలి నుండి దూది పుల్లతో నమూనా తీసి టపాలో పంపుడని ప్రకటించు ప్రైవేటు వ్యాపారములు నేడు కలవు. మేనరికపు ఇండ్లలో అట్టి పరీక్ష ఎంత బలహీనమో ఆ ప్రకటనలలో వెదకినను దొరకదు.

దీనికి తోడు, ఎవరి జనాభా పట్టికలను బట్టి అంకెల అరుదుతనమును లెక్కించిరన్నది ఒకటి కలదు. హైదరాబాదులోని సి. సి. ఎం. బి. పరిశోధకులు విదేశీ సహచరులతో కలిసి 2017లో ప్రకటించిన పరిశీలనలో, దక్షిణాసియాకు చెందిన 263 సమూహములలో 81 సమూహములు ఫిన్లండు వారికంటెను, అష్కెనాజీ యూదులకంటెను తీవ్రముగా కొద్దిమంది పూర్వికుల నుండి విస్తరించినవని తేలెను. తెలుగునాటి వైశ్యులలో కొందరికి శస్త్రచికిత్స వేళ ఇచ్చు ఒక కండరముల మందు ఆలస్యముగా విరుగుట కూడ ఇట్టి వారసత్వముననే. లోకమున అరుదైన అంకె ఒక సమూహములో సామాన్యము కావచ్చును. ఈ దోషమును సవరించు సూత్రములు 1990 దశకము నుండియు ఉన్నవి. నివేదిక వాటిని వాడినదా లేదా యని ఒక్క పంక్తిలో చెప్పవచ్చును.

ఈ విద్యలో తెలుగుదేశపు పాత్ర చిన్నది కాదు. లాల్జీ సింగ్ కట్లపాము జాతికి చెందిన పాము నుండి రాబట్టిన డి. ఎన్. ఏ. తునకతో సి. సి. ఎం. బి.లో స్వదేశీ పద్ధతిని నిర్మించెను. కేరళలోని తలశ్శేరి పితృత్వ వివాదములో ఆ పరీక్ష ఫలితమును 1991లో కేరళ హైకోర్టు అంగీకరించెను. నాటి నుండి దేశపు నలుమూలల నుండి నమూనాలు హైదరాబాదునకు వచ్చుచున్నవి. 2014 జనవరిలో సుప్రీం కోర్టు, వివాహకాలమున పుట్టిన బిడ్డ భర్త బిడ్డయేనను 1872 నాటి సాక్ష్య చట్టపు 112వ సెక్షను భావనకును, శాస్త్రీయ నిరూపణకును వైరుధ్యము వచ్చినప్పుడు నిరూపణయే నిలువవలెనని చెప్పెను. ఆ కేసులోని రెండవ పరీక్ష హైదరాబాదులోని కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలోనే జరిగెను. అయితే ఆ కేసులో తేలినది భర్త తండ్రి కాడని. కాడని త్రోసివేయుటకును, అవునని స్థాపించుటకును తర్కము ఒకటి కాదు. త్రోసివేతలో పుట్టిన ఆ సూత్రమును ఎత్తుకొని వచ్చి, అన్నదమ్ములలో ఒకనిని మాత్రమే పరీక్షించి “పొసగినాడు” అను వివాదమునకు అతికించుట సరియైన వాదము కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ఆ పాత సెక్షనును 116వ సెక్షనుగా దాదాపు అట్లే నిలుపుకొన్నది. భార్యాభర్తలకు కలిసికొను అవకాశము లేదని చూపినప్పుడే ఆ భావన తొలగును. ఉమ్మడి ఇంటిలో అట్టిది చూపుట సాధ్యమా? ఇక డి. ఎన్. ఏ. ప్రయోగశాలలను నియంత్రించుటకై 2019లో లోకసభలో ప్రవేశపెట్టిన బిల్లు 2023లో ఉపసంహరింపబడినది. నివేదికలో ఏ ప్రశ్నకు ఏ లెక్క వేసిరో చెప్పి తీరవలెనను శాసనము అందుచేత రాలేదు.

అట్లని శాస్త్రము చేతులెత్తవలసిన పనిలేదు. అన్నదమ్ములిద్దరి నమూనాలును తీసికొనుట అన్నిటికంటె సులభమైన ఉపాయము. ఇద్దరిని బిడ్డతో నేరుగా పోల్చినచో, తండ్రి కానివాడు సగటున అయిదు చోట్ల తప్పి బయటపడును. రెండవవాడు రాకున్నచో స్థానములను పెంచవలెను. 23 స్థానములకు పైన వేసిన 438, పదునొకండు వేలు దాటును. లక్షల కొలది ఏకాక్షర భేదములను చదువు నేటి సాధనములతో ఆ సందేహము ఆచరణలో మిగులదు. బిడ్డ ఆడపిల్ల యైనచో ఎక్స్ క్రోమోసోము మిక్కిలి ఉపకరించును. తండ్రి తనకున్న ఒకే ఎక్స్‌ను కూతురికి ఇచ్చును. అన్నదమ్ములు తమ తల్లి నుండి పొందిన ఎక్స్‌లు ఒకటి కావు. వై క్రోమోసోమును మాత్రము నమ్మరాదు. అది అన్నదమ్ములకు, తండ్రికి, పినతండ్రికి, పినతండ్రి కుమారునికి కూడ ఒకటే. మగ సంతతి వివాదములో దానిని చూపి “తేలిపోయినది” అను న్యాయవాది వంశము తేలినదని చెప్పుచున్నాడే గాని మనుష్యుని చెప్పుట లేదు. అచ్చుగుద్దినట్లున్న కవలల సంగతి వేరు. 2007లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున అట్టి కవలలు ఇద్దరికిని 99.9 శాతము పైబడి పితృత్వము వచ్చి న్యాయస్థానమును తికమక పెట్టెను. 2014లో జర్మను పరిశోధకులు ఒక కవల తండ్రి డి. ఎన్. ఏ. యంతయు మిక్కిలి లోతుగా చదివి, అతనిలోను అతని బిడ్డలోను ఉండి రెండవ కవలలో లేని అయిదు అక్షరములను పట్టుకొనిరి.

ఈ చిక్కు మనుష్యులతోనే ఆగదు. కొల్లేటి చెరువులలో పెరుగు శీలావతి చేపకు మేలుజాతిని తయారుచేయుటకై భువనేశ్వరము దగ్గరి కౌసల్యగంగలో 1990 దశకమున పని మొదలైనప్పుడు, ఒక్కొక్క జంట పిల్లలను వేరు గుంటలో పెంచి, కొంత పెద్దవైన తరువాత ఒంటిలోనికి గుర్తుబిళ్ల ఎక్కించి అప్పుడే కలిపిరి. తోబుట్టువులను ముందుగా కలిపివేసి, తరువాత ఎవరి పిల్ల ఎవరిదో తేల్చుటకంటె అదియే తేలికయని వారు ఎరుగుదురు. మనుష్యుల యింటిలో అట్టి సదుపాయము లేదు.

ఆస్తి వ్యాజ్యములు తరచుగా మనిషి పోయిన తరువాతనే లేచును. అన్నయో తమ్ముడో లేనప్పుడు, ఆసుపత్రిలో ఎప్పుడో చేసిన శస్త్రచికిత్స నాటి మైనపు దిమ్మె భద్రముగా నున్నచో అది నమూనాగా పనికివచ్చును. లేనిచో అతని భార్య, వివాదము లేని పిల్లలు కలిసి, ఘానా బాలుని తోబుట్టువులు చేసిన పనినే చేయగలరు. అదియు దొరకని యెడల, “ఈ బిడ్డ ఈ అన్నదమ్ములలో ఒకనికి పుట్టినది, ఎవరికి పుట్టినదో ఈ పరీక్ష వలన తేలలేదు” అని వ్రాసి సంతకము చేయుటకు ప్రయోగశాల వెనుదీయ నక్కరలేదు.